ఢిల్లీలో కొన్న రీలు గోదావరి మొగలో నిలుస్తుందా?

ఢిల్లీకి సముద్రం లేదు. గురుగ్రామ్‌లోనో నోయిడాలోనో ఉద్యోగం చేస్తూ సంక్రాంతి సెలవులకు కోనసీమకో దివిసీమకో వెళ్లే తెలుగువారికి గాలం సరదా ఉంటే, రాడ్, రీలు, లూర్‌లు అనే కృత్రిమ ఎరలు ఇక్కడే దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో కొనుక్కుని బయల్దేరాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఉత్తరాదిలో గాలం వేట అంటే ముందుగా గుర్తొచ్చేది హిమాలయ నదుల మహసీర్. గంగలో నయార్ నది కలిసే వ్యాస్‌ఘాట్, నేపాల్ సరిహద్దులోని పంచేశ్వర్ ఈ వేటకు పేరుపడ్డ చోట్లు. అక్కడి నీరు చల్లన, తియ్యన, వేగం ఎక్కువ. అడుగున రాళ్లు. ఆ నీటికి సరిపోయే సామాను గురించి వినే సలహాలు అంతర్వేది దగ్గరో హంసలదీవి దగ్గరో చాలావరకు పనికిరావు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పరిస్థితి వేరు. నీటిలో ఉప్పు ఉంటుంది. ప్రవాహం దిశ మార్చుకుంటూ ఉంటుంది. అడుగున బురద, ఒడ్డున మడచెట్ల వేళ్లు, ఆల్చిప్పల గుట్టలు ఉంటాయి. రీలు మన్నిక, దారం మందం, లూర్ బరువు, దాని రంగు అన్నీ ఈ మూడింటిని బట్టే తేలుతాయి. అందుకే ‘ఏ కంపెనీ రీలు మంచిది’ అనే ప్రశ్న కంటే ముందు ‘ఏ నీటిలో వాడబోతున్నాం’ అన్నది తేల్చుకోవాలి.

ముందు నీటిని చదవాలి

ఆంధ్ర తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఆరుంపావు గంటలు. అందువల్ల పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ తీరంలో పెద్ద పోటు నాటి నీటిమట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్ల దాకా ఉండే తేడాతో పోలిస్తే ఇది చిన్నదే. కానీ డెల్టా నేల చదునుగా ఉంటుంది కాబట్టి ఈ కొద్దిపాటి తేడాకే విశాలమైన బురద మేటలు మునిగి తేలుతుంటాయి.

జాలర్లు తిథిని బట్టి లెక్క వేసేది ఇందుకే. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బలంగా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో మందగిస్తుంది. కచ్చితమైన వేళలు కావాలంటే హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ఇచ్చే పోటుపాట్ల అంచనాలు చూసుకోవచ్చు. అయితే ఆ వేళలు రేవులకు లెక్కగట్టినవి. మొగ నుంచి లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది.

చేప కోణంలో చూస్తే పాటు వేళ ముఖ్యం. నీరు వెనక్కి తీస్తున్నప్పుడు మడచెట్ల మధ్య దాక్కున్న రొయ్యలు, చిన్న పరిగెలు చిన్న కాలువల గుండా బయటికి రాక తప్పదు. ఆ కాలువ పెద్ద పాయలో కలిసే మూలలో పండుగప్ప పొంచి ఉంటుంది. ఒడ్డున నిలబడే వేటగాడికి అందుబాటులో ఉండే చోటు కూడా అదే. అలాగే నది నీరు, సముద్రపు నీరు రెండు రంగులుగా విడిపోయి కనిపించే గీత వెంట కూడా పెద్ద చేపలు తిరుగుతుంటాయి. ఈ రెండు చోట్లకూ లూర్‌ను చేర్చగలగడం, ప్రవాహంలో దాన్ని కావలసిన లోతులో నిలపగలగడం, చేప పడితే వేళ్లలో చిక్కుకోకముందే బయటికి లాగగలగడం సామాను చేయాల్సిన పనులు.

రీలు: బేరింగుల లెక్క చూసి మోసపోవద్దు

ఒడ్డు నుంచి వేటకు కొత్తవారికి స్పిన్నింగ్ రీలే అనువైనది. దారం చుట్టిన చక్రం కదలకుండా ఉండి, విసిరినప్పుడు దారం దాని అంచు మీదుగా జారిపోతుంది. గాలి ఎదురొచ్చినా, లూర్ తేలికైనదైనా చిక్కుపడే ప్రమాదం తక్కువ. బెయిట్‌కాస్టింగ్ రీలులో చక్రమే తిరుగుతుంది. లూర్ వేగం తగ్గినా చక్రం తిరుగుతూనే ఉంటే దారం గూడులా అల్లుకుపోతుంది. చేయి తిరిగినవారు దానితో గురి చూసి వేళ్ల సందుల్లోకి వేయగలరు కానీ, ఏడాదికి రెండు వారాలు వేటాడేవారికి అది తలనొప్పే.

రీలు పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించేది బేరింగుల సంఖ్య. పది బేరింగులున్న రీలు ఐదున్నదాని కంటే మెరుగనేమీ లేదు. మొగలో అడగాల్సింది ఆ బేరింగుల్లోకీ, డ్రాగ్‌లోకీ ఉప్పునీరు చొరబడకుండా సీళ్లు ఉన్నాయా అన్నదే. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే పలుచటి ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా ఛేదించి గుంటలు పెడుతుంది. అల్యూమినియం, స్టీలు ఒకదానికొకటి తాకే చోట ఉప్పునీరు చేరితే అక్కడ చిన్న బ్యాటరీలాంటి చర్య మొదలై అల్యూమినియం తినేస్తుంది. మరలు బిగుసుకుపోవడం, హ్యాండిల్ గరగరలాడటం దాని ఫలితాలే.

ఇక్కడే ఢిల్లీ కొనుగోలుదారు పొరబడే అవకాశం ఉంది. మంచినీటి చెరువులో నెలల తరబడి సాఫీగా తిరిగిన రీలు ఉప్పునీటిలో కొద్ది రోజులకే మొరాయించవచ్చు. ఇంటిదగ్గర ఎంత పరీక్షించినా ఆ లోపం బయటపడదు. కార్బన్ కలిపిన ప్లాస్టిక్ శరీరంతో వచ్చే రీళ్లు తుప్పు పట్టవు, తేలికగా ఉంటాయి. కాకపోతే చవక రకాల్లో బరువు పడినప్పుడు శరీరం వంగి పళ్లచక్రాల అమరిక దెబ్బతింటుంది. షిమానో, దైవా, పెన్, ఒకుమా వంటి కంపెనీలన్నీ మంచినీటి రీళ్లూ, ఉప్పునీటి రీళ్లూ వేర్వేరుగా చేస్తాయి. కంపెనీ పేరు చూసి ఆగకుండా ఆ మోడల్ ఉప్పునీటికి ఉద్దేశించిందో కాదో చూడాలి.

ఏది కొన్నా కడగడం తప్పదు. వేట ముగిసిన రోజే డ్రాగ్ బిగించి, మంచినీటిని సన్నటి జల్లులా పోసి, తుడిచి, నీడలో ఆరబెట్టాలి. పైపుతో వేగంగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. బకెట్లో ముంచడమూ మంచిది కాదు. ఆరాక డ్రాగ్ వదులు చేసి దాచాలి.

సైజు, దారం, డ్రాగ్

రీళ్ల సైజులను 2500, 3000, 4000 వంటి అంకెలతో సూచిస్తారు. పాయల ఒడ్డున చిన్న చేపలకు 2500 చాలు. పండుగప్ప, పార వంటి చేపలు తగిలే మొగకు 4000 సైజు సరైనది. దానికి ఎనిమిది నుంచి తొమ్మిది అడుగుల రాడ్ జతచేస్తే ఒడ్డు నుంచి దూరం వస్తుంది. విమానంలోనో, ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌లోనో వెళ్లేవారు మూడు నాలుగు ముక్కలుగా విడిపోయే రాడ్ తీసుకోవడం మేలు. కొక్కేలున్న లూర్‌లను విమానంలో చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టాలి.

ప్రధాన దారంగా 20 పౌండ్ల (సుమారు 9 కిలోలు) బ్రెయిడ్ 150 నుంచి 200 మీటర్లు చుట్టుకోవచ్చు. నూలులా అల్లిన ఈ దారం సన్నగా ఉండి దూరం పోతుంది, సాగదు, చేప తాకిడి వెంటనే చేతికి తెలుస్తుంది. కానీ ఆల్చిప్పకో వేరుకో రాసుకుంటే ఇట్టే తెగుతుంది. పండుగప్ప మొప్పల మూత అంచు కత్తిలా ఉంటుంది. అందుకే చివర ఒక మీటరు పొడవున 30 నుంచి 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ కట్టాలి. మహసీర్ నదిలో రాళ్లకు ఎంత జాగ్రత్తపడతారో ఇక్కడ ఆల్చిప్పలకు అంత జాగ్రత్తపడాలి.

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా జారనిచ్చే బ్రేకు. దాన్ని దారం సామర్థ్యంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు బిగించాలి. 20 పౌండ్ల దారానికి అది సుమారు రెండుంపావు నుంచి మూడు కిలోలు. సరుకులు తూచే చిన్న కొక్కెపు కాటాను దారానికి తగిలించి లాగితే ఎంత బరువు దగ్గర జారుతోందో తెలిసిపోతుంది. పెట్టె మీద ‘గరిష్ఠ డ్రాగ్ 12 కిలోలు’ అని రాసి ఉన్నా 20 పౌండ్ల దారంతో దాన్ని పూర్తిగా వాడుకోలేం. అంతకుముందే దారం తెగుతుంది. అంకె పెద్దదా అన్నది కాదు, డ్రాగ్ కుదుపులు లేకుండా జారుతోందా అన్నది చూడాలి.

లూర్: ముందు లోతు, తర్వాత రంగు

దుకాణంలో కన్ను మొదట రంగుల మీదికే పోతుంది. చేపకు ముందు కావలసింది లూర్ తాను ఉన్న లోతులోకి రావడం. అందుకే రకాలను లోతు, బరువులను బట్టి ఎంచుకోవాలి.

మెత్తటి ప్లాస్టిక్ చేప మొదటి అవసరం. తోక తెడ్డులా ఊగే మూడు, నాలుగు అంగుళాల రకాన్ని సీసపు తల ఉన్న కొక్కేనికి గుచ్చుతారు. దీనికి జిగ్‌హెడ్ అని పేరు. నీరు నెమ్మదిగా ఉంటే 7 గ్రాములు, పాటు జోరుగా ఉంటే 14 గ్రాములు. అడుగును తాకుతూ మెల్లగా ఎగిరెగిరి పడేలా లాగాలి. ఒకే ప్లాస్టిక్ చేపకు నాలుగు బరువుల తలలు దగ్గరుంచుకోవడం నాలుగు రంగులు కొనడం కంటే తెలివైన పని.

రెండోది 9 నుంచి 12 సెంటీమీటర్ల గట్టి మిన్నో. ముందున్న చిన్న నాలుకలాంటి పలక దాన్ని లాగుతున్నప్పుడు నీటిలోకి ముంచుతుంది. మొగలో లాగడం ఆపగానే పైకి తేలేదాన్ని ఎంచుకోవాలి. వేరు తగిలినప్పుడు ఆపితే అదే తేలి బయటపడుతుంది. మునిగే రకమైతే అక్కడే పోతుంది.

మూడోది 20 నుంచి 40 గ్రాముల లోహపు జిగ్. గాలికి ఎదురుగా దూరం విసరాల్సిన ఇసుక మేటల దగ్గర ఇది పనికొస్తుంది. తెల్లవారుజామున, సందెవేళ నీటిపైన చప్పుడు చేస్తూ కదిలే పాపర్ ఒకటి ఉంటే జాబితా పూర్తవుతుంది.

రంగు నీటిని బట్టి. జూలై నుంచి అక్టోబరు దాకా వరద గోదావరి ఎర్రబారి ఉంటుంది. అప్పుడు చేప కంటి కంటే పక్కనున్న పార్శ్వ రేఖతో నీటి కదలికను పసిగట్టి వేటాడుతుంది. లోపల గుళికలు చప్పుడు చేసే లూర్, నలుపు వంటి గాఢమైన రంగు, తోక బాగా ఊగే ప్లాస్టిక్ చేప అప్పుడు పనిచేస్తాయి. సంక్రాంతి నాటికి నీరు తేటబడుతుంది. వెండి, లేత ఆకుపచ్చ, రొయ్య రంగు చాలు. చల్లటి నీటిలో పండుగప్ప మందకొడిగా ఉంటుంది కాబట్టి లాగే వేగమూ తగ్గించాలి.

చాలామంది పట్టించుకోనివి కొక్కేలు. మంచినీటి కోసం చేసిన లూర్‌లకు వచ్చే సన్నటి మూడుముళ్ల కొక్కేలు ఉప్పుకు తుప్పుపట్టి, పెద్ద చేపకు వంగిపోతాయి. ఉప్పునీటికి తగిన దిట్టమైన ఒంటిముల్లు కొక్కేలు మార్చుకుంటే వేళ్లలో తక్కువ తగులుకుంటాయి, చేపను వదిలేయడమూ సులువవుతుంది.

సాధన ఇక్కడ, హద్దులు అక్కడ

విసరడం నేర్చుకోవడానికి ఢిల్లీలో నీరే అక్కర్లేదు. కొక్కెం తీసేసిన 15 గ్రాముల బరువు కట్టి జనం లేని మైదానంలో సాధన చేయొచ్చు. యమున ఒడ్డుకు వెళ్లాలనుకునేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా ఉన్న సుమారు 22 కిలోమీటర్లు నది పొడవులో 2 శాతం కూడా కాదు, కానీ యమునలో అత్యంత కలుషితమైన భాగం అదే. ఓఖ్లా పక్షుల అభయారణ్యంలో చేపలు పట్టకూడదు. పండుగప్ప రుచే కావాలంటే చిత్తరంజన్ పార్కు చేపల బజారులో బెంగాలీలు భెట్కీ పేరుతో కొనేది ఈ చేపనే.

తీరంలోనూ ప్రతి పాయా అందరికీ తెరిచి ఉండదు. యానాంకు ఉత్తరాన సుమారు 235 చదరపు కిలోమీటర్లలో విస్తరించిన కోరింగ అభయారణ్యం, దివిసీమ వైపు కృష్ణా అభయారణ్యం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోవి. అటవీ శాఖను అడగకుండా అక్కడ గాలం వేయరాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట ఆపి, 61 రోజులు జాలర్లు ఆదాయం వదులుకుంటారు. ఒడ్డున గాలం వేసేవారికి ఆ నిషేధం వర్తించకపోయినా, దాని ఉద్దేశాన్ని గౌరవించడం మర్యాద.

పండుగప్ప సాధారణంగా మొదట మగచేపగా ఎదిగి, పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది. అంటే ఫొటోకు బాగుండే పెద్ద చేపలు ఎక్కువగా గుడ్లు పెట్టే తల్లులు. వాటిని నీటికి దగ్గరగానే పట్టుకుని కొక్కెం తీసి వదిలేసి, మధ్యస్థంగా ఉన్న ఒకటో రెండో కూరకు తీసుకోవడం మంచిది. తెగిన దారం ముక్కలు పక్షుల కాళ్లకు ఉచ్చులవుతాయి కాబట్టి ఏరి తెచ్చుకోవాలి. పోటు తిరిగే వేళ తెలియకుండా బురద మేట మీదికి దిగకూడదు. వెనక ఉన్న కాలువ ముందే నిండి దారి మూసేస్తుంది. స్థానిక జాలరిని అడిగి కాలు పెట్టడం ఉత్తమం.

మొత్తంగా చూస్తే సామాను చిన్నదే. ఉప్పునీటికి చేసిన 4000 సైజు రీలు ఒకటి, దారం, లీడర్, నాలుగు బరువుల జిగ్‌హెడ్‌లు, రెండు తేలే మిన్నోలు, ఒక లోహపు జిగ్, ఒక పాపర్, దిట్టమైన కొక్కేలు. డబ్బు పరిమితంగా ఉంటే ఎక్కువ భాగం రీలుకే పెట్టాలి. లూర్ పోతే పాతికో ముప్పయ్యో అడుగుల అవతల వేళ్లలో మిగిలిపోతుంది, మరొకటి కట్టుకోవచ్చు. రీలు మొరాయిస్తే మాత్రం ఆ సెలవుల వేట అక్కడితో ముగిసినట్లే.