భవానీపూర్ నుంచి బ్యాంకాక్: పెట్టుబడికి ముందు ప్రయాణం

పరాయి దేశంలో పెట్టుబడి పెట్టాలనుకునేవారికి ఆ దేశాన్ని కళ్లారా చూడటం సగం చదువు. అక్కడి కూలి రేటు, ఇంటి అద్దె, రేవులో సరుకుల రద్దీ, జనం దేనికి చేతికి ఎముక లేకుండా ఖర్చు పెడుతున్నారో కంపెనీ నివేదికల కన్నా ముందే వీధి చెప్పేస్తుంది. మిగతా సగం మాత్రం వీధిలో దొరకదు.

కోల్‌కతాలో గుజరాతీ వ్యాపార కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పేట భవానీపూర్. అక్కడి వారికి విదేశం దూరమేమీ కాదు. దమ్‌దమ్ విమానాశ్రయంలో ఎక్కితే రెండున్నర గంటల్లో బ్యాంకాక్. ఢిల్లీ వెళ్లడానికీ సుమారుగా అంతే పడుతుంది.

ఈ దారిలో ముందే నడిచిన కోల్‌కతా మనిషి ఆదిత్య విక్రమ్ బిర్లా. 1943లో ఈ నగరంలో పుట్టి, సెయింట్ జేవియర్స్‌లో చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో కెమికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశారు. ఆ రోజుల్లో మన దేశంలో మిల్లు పెట్టాలన్నా, ఉన్న మిల్లును పెంచాలన్నా ప్రభుత్వ లైసెన్సు కావాలి. ఆయన 1969లో థాయ్‌లాండ్‌లో ఇండో-థాయ్ సింథటిక్స్ అనే నూలు మిల్లు పెట్టారు. తర్వాత ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మలేషియాలలోనూ కర్మాగారాలు వచ్చాయి. మలేషియాలో ఎంచుకున్నది పామాయిల్ శుద్ధి. ఆ దేశంలో విరివిగా పండేది అదే. ఎక్కడ ఏది దొరుకుతుందో గమనించి పెట్టిన పెట్టుబడి అది.

అదే బ్యాంకాక్‌ను 1996లో చూసిన యాత్రికుడికి ఎటు చూసినా క్రేన్లు, కొత్త మేడలే. ఆ మేడల వెనుక కంపెనీలు, బ్యాంకులు తెచ్చుకున్న డాలర్ల అప్పు మాత్రం ఏ కంటికీ ఆనలేదు. 1997 జులై 2న థాయ్ ప్రభుత్వం తమ కరెన్సీ బాట్‌ను డాలరు కట్టు నుంచి వదిలేసింది. అప్పటిదాకా డాలరుకు 25 బాట్‌లు. మరుసటి జనవరికి 50 దాటింది. షేరు ధర అంగుళం కదలకపోయినా డాలర్లలో సొమ్ము సగమైపోయింది. అందుకే ఊరి సందడిని ఎంత శ్రద్ధగా చూస్తారో, ఆ దేశపు విదేశీ అప్పు, ద్రవ్యోల్బణం, మారకపు విలువలను అంత శ్రద్ధగానూ చూడాలి.

ప్రభుత్వం మారితే ఏమవుతుందో తెలుగువారికి బాగా తెలిసిన జీఎంఆర్ సంస్థ చవిచూసింది. శంషాబాద్ విమానాశ్రయాన్ని కట్టిన ఈ సంస్థకు 2010లో మాల్దీవుల్లోని మాలె విమానాశ్రయం దక్కింది. ఒప్పందం 25 ఏళ్లకు. పర్యాటకుల మీదే బతికే ఆ దీవుల్లో విమానాశ్రయానికి గిరాకీ లేదని ఎవరూ అనలేరు. అయినా 2012లో అధ్యక్షుడు మారాక, ఆ ఏడాది నవంబరులోనే ఒప్పందం రద్దయింది. మధ్యవర్తిత్వ తీర్పు ప్రకారం సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం చేతికొచ్చేసరికి 2016 అయింది. అంత పెద్ద సంస్థ నాలుగేళ్లు పోరాడగలిగింది. చిన్న మదుపుదారుకు ఆ ఓపిక, ఆ ఖర్చు రెండూ ఉండవు.

సామాన్యుడికి ఉన్న చట్టబద్ధమైన దారి రిజర్వు బ్యాంకు 2004లో తెచ్చిన సరళీకృత చెల్లింపుల పథకం. మొదట పరిమితి 25 వేల డాలర్లు. ఇప్పుడు ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి రెండున్నర లక్షల డాలర్లు. విహారయాత్ర ఖర్చూ, విదేశీ షేర్ల కొనుగోలూ ఈ ఒక్క పరిమితిలోనే ఇమడాలి. లాటరీ టిక్కెట్లకు, విదేశాల్లో మార్జిన్ ట్రేడింగ్‌కు డబ్బు పంపడం నిషిద్ధం. డాలర్లతో పనిలేకుండా, విదేశీ షేర్లు కొనే ఇక్కడి మ్యూచువల్ ఫండ్లలో రూపాయల్లోనే మదుపు చేయడం కొత్తవారికి తేలిక.

యాత్రలో అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసింది ఫ్లాటు అమ్మేవారి దగ్గర. థాయ్ చట్టం మామూలుగా విదేశీయులను భూమి కొననివ్వదు. కండోమినియం భవనంలోనైనా మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం దాకానే విదేశీయుల పేరన ఉండవచ్చు. సముద్రపు గాలికి మనసు పారేసుకుని బయానా ఇచ్చే ముందు ఆ వాటా ఇంకా మిగిలి ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కొన్నాక ఆ ఆస్తి వివరాలను ఇక్కడి ఆదాయపు పన్ను రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్.ఏ.లో చూపాలి. దాని మీద రూపాయి ఆదాయం రాకపోయినా సరే.