తన బరువు తాను మోసే తాడు

మాది కంచిలి. కొబ్బరి పీచు, తాళ్ల వ్యాపారం. భూమి నుంచి అంతరిక్షానికి లిఫ్టు వేస్తారన్న వార్త పేపర్లో కనబడితే అందరూ ఆకాశం వైపు చూస్తారు. నేను మాత్రం తాడు సంగతి ఏం రాశారా అని వెతుకుతాను. ఎందుకంటే ఆ లిఫ్టు కథంతా తాడు కథే.

అసలు లిఫ్టు ఎందుకు? శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్ బరువు సుమారు 640 టన్నులు. టీవీ ప్రసారాల ఉపగ్రహాలు చేరాల్సిన ఎత్తుకు దారి పట్టించే కక్ష్యలో అది దింపే సరుకు 4 టన్నులకు కాస్త అటూ ఇటూ. మిగతాదంతా ఇంధనం, ఆ ఇంధనాన్ని మోసే తొట్టెలు, ఇంజన్లు. అదే తాడు పట్టుకుని కరెంటుతో పాకే బండి అయితే ఇంధనాన్ని వెంట మోసుకుపోనక్కర్లేదు. గంటకు 200 కిలోమీటర్ల చొప్పున వెళ్లినా వారం రోజులకు కాస్త పైగా పడుతుంది, అంతే.

ఇంటి మీద డిష్‌ను ఒకసారి బిగించాక మళ్లీ తిప్పం. అది చూసే ఉపగ్రహం భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి. అక్కడి నుంచి తాడు ఒకటి కిందికి వదిలి, తూకం తప్పకుండా పైవైపుకీ ఒకటి సాగదీస్తే, ఆ తాడు నేల మీద నిలబడదు, ఆకాశం నుంచి వేలాడుతుంది. నింగినంటే కట్టడం గురించి రష్యాలో సియోల్‌కోవ్‌స్కీ 1895లోనే ఊహించాడు. పైనుంచి తాడు దించాలన్న ఆలోచన 1960లో అక్కడి ఇంజనీరు ఆర్ట్‌సుటనోవ్‌ది. 1975లో అమెరికా ఇంజనీరు జెరోమ్ పియర్సన్ లెక్కలు కట్టాడు. 1979లో ఆర్థర్ క్లార్క్ దీని మీద నవలే రాశాడు. శ్రీలంకను పోలిన దీవిని కథ కోసం భూమధ్యరేఖ మీదికి జరిపేశాడు.

ఈ సంగతి చెబితే మా దగ్గర తాడు పేనే పెద్దావిడ అడిగింది: “అంత పొడుగు తాడు దాని బరువుకే తెగిపోదేటి బావూ?” శాస్త్రవేత్తల మొదటి ప్రశ్నా అదే. ఏ తాడునైనా వేలాడదీసి పొడవు పెంచుతూ పోతే ఎక్కడో ఒకచోట తన బరువుకే తెగుతుంది. లావు పెంచి లాభం లేదు, బరువూ అంతే పెరుగుతుంది. గట్టి ఉక్కు తీగ 25 కిలోమీటర్ల దగ్గర తెగుతుంది. బుల్లెట్ ఆపే జాకెట్లలో వాడే కెవ్లార్ 250 దాకా వస్తుంది. పైకి పోయేకొద్దీ భూమి ఆకర్షణ తగ్గుతుంది కాబట్టి తాడు తట్టుకోవలసింది 35,786 కాదు, సుమారు 5,000 కిలోమీటర్ల బరువే. కింద సన్నగా, పైన లావుగా తాడు చేస్తే కొంత నయం. కానీ కెవ్లార్‌తో అలా చేయాలంటే పైకొస కింది కొసకు కోట్ల రెట్లు లావుండాలి.

ఆశ పుట్టించింది కార్బన్ నానోట్యూబులు, అంటే కార్బన్‌తో ఏర్పడిన అతి సన్నని గొట్టాలు. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా వాటిని లోకానికి చూపించాడు. బీజింగ్‌లోని త్సింగ్‌హువా విశ్వవిద్యాలయం 2013లో అర మీటరు పొడవున్న గొట్టాన్ని పెంచింది. 2018లో కొన్ని సెంటీమీటర్ల గొట్టాల కట్టతో, ఈ తాడుకు కావలసినంత బలానికి దగ్గరగా వెళ్లింది. చిక్కంతా పేనడంలోనే ఉంది. మా పీచు పోగు జానెడుంటుంది. పురి బిగిస్తే గరుకు పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి అది బారలకొద్దీ తాడవుతుంది. నానోట్యూబులు నున్నగా ఉంటాయి, లాగితే తెగకముందే జారిపోతాయి. ఒక్క పరమాణువు లోపించినా బలం తగ్గుతుంది. అందుకే పేనిన దారంలో, విడి గొట్టానికున్న బలంలో కొద్ది వంతే మిగులుతుంది.

తాడు దొరికినా చోటు మన దగ్గర కాదు. శ్రీహరికోట సుమారు 13.7 డిగ్రీల ఉత్తరాన ఉంది, మేం ఇంకా పైన. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని ఎలా పడుకోబెట్టిందో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. భూమధ్యరేఖను ఆనుకుని తుపాన్లు చాలా అరుదు, తాడు నిటారుగా వేలాడేదీ అక్కడే. కానీ కింది కక్ష్యల్లో తిరిగే ప్రతి ఉపగ్రహం, ప్రతి తుక్కుముక్క ఆ రేఖను దాటుతూనే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు తాడుకు తగలక మానదు.

అయినా జపాన్‌లో టోక్యో స్కైట్రీ టవర్ కట్టిన ఒబయాషి సంస్థ 2050 నాటికి 96,000 కిలోమీటర్ల తాడు వేస్తామని 2012లో ప్రకటించింది. షిజువోకా విశ్వవిద్యాలయం 2018లో రెండు చిన్న ఉపగ్రహాల మధ్య కొద్ది మీటర్ల తాడు మీద బుల్లి బండి నడిపే ప్రయోగం పంపింది. చంద్రుడి సంగతి వేరు. అక్కడ ఆకర్షణ ఆరో వంతే, గాలి లేదు. అరలక్ష కిలోమీటర్లు దాటిన తాడు కావలసి వచ్చినా, ఇప్పుడున్న నారలే సరిపోతాయని లెక్కలు చెబుతున్నాయి.

తాడు కొనేవాడు రంగు చూడడు, లాగి చూస్తాడు. ఈ లిఫ్టు వార్త ఈసారి వస్తే మీరూ ఏ సంవత్సరానికి అని కాక, రెండు సంగతులు అడగండి. అతుకు లేని గొట్టం ఎంత పొడవు వచ్చింది? పేనాక బలం ఎంత మిగిలింది? 2013లో వచ్చింది మూరెడు. అది కిలోమీటరైన రోజున మిగతా చిక్కులకు ఇంజనీర్లు దారి వెతుకుతారని నేను నమ్ముతాను. అందాకా మనకు శ్రీహరికోట రాకెట్లే దిక్కు.