గుండె బొమ్మను చెవికి చెప్పడం

పదో తరగతి జీవశాస్త్రంలో మనిషి గుండె బొమ్మ ఉంటుంది. నాలుగు గదులు, కవాటాలు, రక్తం నడిచే దారిని చూపే బాణాలు. చూపు లేని విద్యార్థికి ఆ పేజీ అందాలంటే ముందు అక్షరం, తర్వాత బొమ్మ దారిలోకి రావాలి. రెండింటికీ ఇప్పుడు ఏఐ సాయపడుతోంది. రెండోది చాలా కష్టం.

మొదట అక్షరం సంగతి. అను ఫాంట్లలో డీటీపీ చేసిన పాఠాలు కంటికి తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం అవి ఇంగ్లిషు గుర్తుల కలగాపులగం, తెర మీది పాఠాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. అందుకే పేజీని ఫొటోగా చూసి అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ కావాలి. ద-ధ, ప-ఫ జంటల్లో తేడా చిన్న గీతే. వత్తులేమో వరుస కిందకు దిగుతాయి. న్యూరల్ నెట్‌వర్కులు వరుస మొత్తాన్ని చూసి గుర్తించడం వల్ల పని మెరుగుపడింది. కానీ ముద్రణ మసకబారిన చోట కొత్త మోడళ్లు సాఫీగా సాగే తప్పు వాక్యాన్ని ఊహించి పెట్టేస్తాయి. పిచ్చిరాతలైతే వినేవాళ్లు పట్టుకుంటారు. అచ్చమైన తెలుగులో ఉన్న తప్పును ఎలా పట్టుకుంటారు? నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే సరైన యూనికోడ్ పాఠం ఒకసారి చేతికొస్తే అదే మాటగా వినిపిస్తుంది, పెద్ద అక్షరాలవుతుంది, బ్రెయిలీ కూడా అవుతుంది. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న 1951 నాటి భారతి బ్రెయిలీలో తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ చుక్కలు ఒకటే. పుస్తకాన్ని ఇలా మార్చుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ అవకాశమిచ్చింది.

లెక్కల దగ్గర మరో చిక్కు. ‘ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్’లో ‘హోల్’ అన్న మాటను యంత్రం మింగేస్తే లెక్కే మారిపోతుంది. ఎ విలువ 2, బి విలువ 3 అనుకోండి. ‘హోల్’ ఉంటే 25, లేకుంటే 11. బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పలికి తీరాలి.

ఇక గుండె. బొమ్మను వర్ణించమంటే ఏఐ తరచూ ‘ఎరుపు, నీలం రంగుల్లో గుండె చిత్రం’ అంటుంది. పుట్టుకతోనే చూపు లేని అమ్మాయికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. నీలం అంటే ఆక్సిజన్ తక్కువున్న రక్తమని, నిజంగా రక్తం నీలంగా ఉండదని చెప్పాలి. బొమ్మ మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది కాబట్టి పేజీలో ఎడమ పక్కన ఉన్నది గుండె కుడి భాగమనీ చెప్పాలి. ఆపైన రక్తం వెంటే నడవాలి: శరీరం నుంచి కుడి కర్ణికకు, అక్కణ్నుంచి కుడి జఠరికకు, ఊపిరితిత్తులకు, తిరిగి ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు, బృహద్ధమని గుండా మళ్లీ శరీరానికి. ఈ వరుసలో రాయమని విడమరిచి అడిగితే ఏఐ మంచి చిత్తుప్రతే ఇస్తుంది. దాన్ని సైన్సు టీచరు సరిచూడాలి, చూపు లేని విద్యార్థి విని ప్రశ్నలు వేయాలి. ఉబ్బెత్తు గీతల బొమ్మ కూడా ఉంటే, వింటూనే వేలితో దారి పట్టవచ్చు.

పరీక్షలో ఇదే బొమ్మ వస్తే వర్ణన మారాలి. ‘బి అని గుర్తించిన భాగం పేరేమిటి?’ అన్న ప్రశ్నకు ఏఐ ‘బి అనేది ఎడమ జఠరిక’ అని రాసిస్తే జవాబు చెప్పేసినట్టే. ‘బొమ్మలో కుడివైపు కింద, మందమైన గోడ ఉన్న గది’ అంటే, పక్క బెంచీలోని విద్యార్థి కంటితో చూసినంతే ఈ విద్యార్థికీ అందుతుంది.