పిల్లలకు గుణింతాలు, మనకు నడక

ఆదివారం పిల్లల్ని తెలుగు తరగతిలో దింపాక మనం చేసే పనేమిటి? టోవా పాయో సెంట్రల్‌లో ఏదో ఒక కాఫీ షాపులో చేరడం. కండెన్స్‌డ్ మిల్కు టీ, పక్కన పరాటా, ఆపైన ఆఫీసు కబుర్లు. లోపల వాళ్ళు గుణింతాలు దిద్దుతుంటే బయట మనం పొట్టలు పెంచుతుంటాం. ఈ మాట అంటున్న నేనూ ఆ బల్ల దగ్గరివాణ్ణే.

నన్ను ఆ బల్ల మీంచి లేపింది మా మిత్రుడొకాయన. వయసు నలభై నాలుగు. ఒక రాత్రి విందు భోజనం చేసి వచ్చాక ఛాతీ బరువుగా ఉందన్నారు. "గ్యాసులే" అని వాము నమిలి పడుకున్నారు. తెల్లవారుజామున ఎడమ చెయ్యి లాగుతోందంటే, ఆయన వద్దంటున్నా వినకుండా భార్య 995కి ఫోన్ చేశారు. స్టెంటు వేశారు, ఇప్పుడు తిరుగుతున్నారు. కానీ రక్తం అందని గుండె కండరం చచ్చిపోతే మళ్ళీ మొలవదు. ఆ వాము నమిలిన నాలుగు గంటల్లో కొంత అలాగే పోయింది.

ఇది ఆయన ఒక్కడి దురదృష్టం కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు మిగతావారికంటే సుమారు ఆరేళ్ళు ముందే వస్తున్నట్టు తేలింది. ఊరట కలిగించే సంగతీ అందులోనే ఉంది. 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి కారణాలు పొగ, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొట్ట, ఒత్తిడి, కదలకపోవడం వంటి తొమ్మిదే. చాలావరకు మన చేతిలో ఉన్నవే. బరువు చూసుకుని మురిసిపోకండి, టేపు పెట్టి నడుము కొలవండి. మనవాళ్ళలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఇక ఉప్పు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, మించవద్దంటారు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, రక్తం పరిమాణం పెరిగి బీపీ ఎక్కుతుంది. ఆవకాయ మానమంటే నన్ను ఇంట్లోంచి వెళ్ళగొడతారు. అందుకని మా ఇంట్లో ఒక ఒప్పందం: ఆవకాయ ఉన్న పూట అప్పడం, ఊరమిరపకాయ ఉండవు. కాఫీ షాపులో "కోపి ఓ కోసోంగ్" అంటే పాలూ పంచదారా లేనిది వస్తుంది. మొదటి వారం చేదే, తర్వాత అలవాటవుతుంది.

నడక సంగతికి లెక్క చూడండి. వారానికి 150 నిమిషాలు చాలు. తరగతి గంటన్నర, అంటే 90. ఇంకో రెండు సాయంత్రాలు అరగంట చొప్పున నడిస్తే లెక్క సరి. టౌన్ పార్కులో చెరువుల చుట్టూ నడవండి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం ఉండాలి. ఈ సంవత్సరం మేం ఆరుగురం మొదలుపెట్టాం, నలుగురం మిగిలాం.

పిల్లలకు ఒక పని. చాలా హెచ్‌డీబీ బ్లాకుల్లో లిఫ్టు దగ్గర గోడకు ఏఈడీ పెట్టె ఉంటుంది. గుండె లయ తప్పి కుప్పకూలిన మనిషికి షాకు ఇచ్చే యంత్రం అది. తెరిస్తే ఏం చెయ్యాలో అదే గొంతుతో చెబుతుంది. మీ ఇంటికి దగ్గర్లో అది ఎక్కడుందో వెతికి, వచ్చే వారం తరగతిలో తెలుగులో చెప్పండి.