భిన్న సంకలన ప్రశ్నలలో వాక్యార్థ విచారము

భిన్నములను కలుపుట మన విద్యార్థులకు కష్టమైన పని కాదు. హారములను సమచ్ఛేదము చేసి అంశలను కలుపవలెనని గణితారంభమున నున్న బాలునకును తెలియును. అయినను అవే భిన్నములు ఒక కథలో ఇమిడి వచ్చినపుడు తప్పులు పుట్టుచున్నవి. ఆ తప్పు సంకలనమందు గాక, తరచుగా వాక్యార్థబోధయందు జరుగుచున్నదని నా అభిప్రాయము.

మొదట సమచ్ఛేదమును గూర్చి రెండు మాటలు. 1957లో దశాంశ నాణెములు వచ్చుటకు పూర్వము అర్ధరూపాయి, పావలా, బేడ కలిపిన పదునాలుగణాలని మన పెద్దలు నోటిలెక్కగా చెప్పెడివారు. రూపాయికి 16 అణాలగుటచే 2, 4, 8 అను హారములన్నియు అందులో ఇమిడిపోయెడివి. అణాయే వారికి సమచ్ఛేదము. మూడవ వంతును ఐదవ వంతును కలుపవలసినపుడు 16 చాలదు. 15 భాగములు చేసి, 5ను 3ను కలిపి 8/15 అనవలెను. ఇట్లు హారములన్నింటికి సరిపడు కనిష్ఠసంఖ్యకు మహావీరాచార్యులు 9వ శతాబ్దిలో గణితసారసంగ్రహమున ‘నిరుద్ధము’ అని పేరిడిరి. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించిన సంగతి విదితమే.

ఇక వాక్యార్థమునకు వత్తము. భాస్కరాచార్యుల లీలావతి (క్రీ.శ. 1150)లో పద్మముల ప్రశ్న యొకటి కలదు. పద్మరాశిలో మూడవ వంతు శివునకు, ఐదవ వంతు విష్ణువునకు, ఆరవ వంతు సూర్యునకు, నాలుగవ వంతు దేవికి సమర్పింపగా మిగిలిన ఆరు గురుపాదములకు చేరినవి. నిరుద్ధము 60. అంశలు 20, 12, 10, 15, మొత్తము 57. శేషము 3/60, అనగా ఇరువదవ వంతు. అది ఆరైనచో రాశి 120. ఇచట ప్రతి భాగమును మొత్తమునకు సంబంధించినదే. ఎవడైన ప్రతి భాగమును మిగిలినదానిలో నుండి తీసినచో రాశి 18 అని వచ్చును. అందు మూడవ వంతు పోగా 12 మిగులును. వానిలో ఐదవ వంతు తీయవలెనన్న పద్మమును చీల్చవలసివచ్చును. యోగ్యత లేనందున ఆ అర్థము నిలువదు.

అదే గ్రంథమున యాత్రికుని ప్రశ్న వేరొక విధము. తన ధనములో సగము ప్రయాగలోను, శేషములో 2/9 కాశిలోను, ఆ శేషములో 1/4 మార్గమందును, దాని శేషములో 6/10 గయలోను వ్యయింపగా 63 నిష్కములు మిగిలినవి. ఇచట భిన్నములను నేరుగా కలిపినచో 283/180 వచ్చును. ఉన్న ధనముకంటె వ్యయమే అధికమగును గనుక ఇదియు యోగ్యము కాదు. మిగిలిన భాగములను గుణింపవలెను: 1/2, 7/9, 3/4, 4/10ల గుణనఫలము 7/60. కావున మొత్తము 540.

పై రెంటను తప్పు తానే బయటపడినది. బయటపడని చోటు కలదని నేను తెలిసికొన్నది నా పొరపాటువలననే. చాల ఏండ్ల క్రిందట ఒక పరీక్షకు నేనిచ్చిన ప్రశ్న యిది: “ఒక యాత్రికుడు తన ధనములో నాలుగవ వంతు కాణిపాకమున సమర్పించి, అందులో మూడవ వంతు శ్రీకాళహస్తిలో సమర్పించెను. మిగిలిన 600 రూపాయలు తిరుమల హుండీలో వేసెను. మొదట ఎంత ధనము?”

మూడు ఉత్తరములు వచ్చినవి. ‘అందులో’ అనగా మొత్తములో అన్నవారికి వ్యయము 7/12, ఉత్తరము 1440. శేషములో అన్నవారికి శేషము సగము, ఉత్తరము 1200. ఇచ్చిన నాలుగవ వంతులోనే మూడవ వంతు, అనగా 1/12 అన్న ఒక విద్యార్థికి వ్యయము 1/3, ఉత్తరము 900. నా మనసులో నున్నది 1440. తక్కినవానికి సున్న వేసితిని.

ఫలితములు వెలువడిన పిదప 900 వ్రాసిన బాలుడు వచ్చి, “అయ్యా, ‘అందులో’ అన్న సర్వనామము సమీపమున నున్న నాలుగవ వంతునే గదా చెప్పవలెను?” అని యడిగెను. సన్నిధి న్యాయము నేను చెప్పిన పాఠమే. మూడు ఉత్తరములను సరిచూచితిని, మూడును సరిపోయినవి. యోగ్యత ఇచట ఏ యర్థమును తోసివేయదు. దోషము ప్రశ్నది, అనగా నాది. అంకములు సవరించు గడువు అప్పటికే దాటినది.

మన ప్రాచీనులు భాగజాతి, శేషజాతి, ప్రభాగజాతి అని వేర్వేరు పేర్లు పెట్టుటలోని ప్రయోజనము నాకు ఆనాడు బోధపడినది. మొత్తములోని భాగము, మిగిలినదానిలోని భాగము, భాగములోని భాగము వేర్వేరని వారెరుగుదురు. కావున విద్యార్థి ప్రతి భిన్నము ప్రక్కన ‘దేనిలో?’ అని వ్రాసికొని, సమాధానము చెప్పుకొన్న పిమ్మటనే సమచ్ఛేదమునకు పూనుకొనవలెను. ప్రశ్న కూర్చు అధ్యాపకుడు ‘మొత్తములో’, ‘మిగిలినదానిలో’ అని స్పష్టముగా వ్రాయవలెను. ఈ రెండవ నియమము మొదటిదానికంటె ముఖ్యమైనది. ఏలయన దానిని మనము తప్పినచో దండన పడునది విద్యార్థికి.