తొమ్మిదిమంది నైట్లు, ముప్పై తరాలు

ఫ్రాన్సులో త్రువా పట్టణం దగ్గర, సేన్ నదికి చేరువలో పయాన్ అనే చిన్న ఊరుంది. టెంప్లర్లనే క్రూసేడ్ యోధుల సంఘాన్ని స్థాపించిన యూగ్ ద పయాన్ ఆ ఊరివాడు. పేరుకు అర్థం కూడా అంతే, పయాన్ యూగ్ అని. తాడేపల్లివారు, నిడదవోలువారు అన్నట్టు ఊరే ఇంటిపేరైందని మనకు అనిపిస్తుంది. కానీ 1100 నాటి ఫ్రాన్సులో అది ఇంకా తరతరాలూ అంటిపెట్టుకునే ఇంటిపేరు కాలేదు. ఏ ఊరు ఎవరి ఏలుబడిలో ఉందో చెప్పే గుర్తు మాత్రమే. కొడుక్కి వేరే ఊరు దక్కితే అతని పేరులో ఆ ఊరే చేరేది. ఇవాళ పయాన్‌ను పోలిన ఇంటిపేరున్నవాళ్లు ఆయన తమ మూలపురుషుడని చెప్పుకుంటే, ఆ పోలికను సాక్ష్యంగా తీసుకోలేం.

అసలు ఎవరి వంశం వెతుకుతున్నామో ముందు చూద్దాం. 1099లో క్రూసేడర్లనే యూరపు క్రైస్తవ యోధులు జెరూసలేమును పట్టుకున్నారు. నగరం చేతికొచ్చినా దారులు చేతికి రాలేదు. యాత్రికులను దోచుకుని చంపేసేవారు. 1119 ప్రాంతంలో యూగ్, మరికొందరు నైట్లు జెరూసలేము మతాచార్యుడి ముందు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత పాటిస్తామని ప్రమాణం చేసి యాత్రికులకు కాపలా కాయడానికి పూనుకున్నారు. రాజు రెండో బాల్డ్విన్ వాళ్లకు అల్ అక్సా మసీదు ఆవరణలో చోటిచ్చాడు. అది సొలొమోను దేవాలయమున్న చోటని క్రూసేడర్ల నమ్మకం. టెంప్లర్లన్న పేరు అలా వచ్చింది.

సంఘ స్థాపకులు తొమ్మిదిమంది అన్న లెక్క చెప్పింది టైర్ ఆర్చిబిషప్ విలియం. ఆయన రాసేనాటికి సంఘం పుట్టి అరవై ఏళ్లు కావస్తోంది. పేరుపెట్టి చెప్పింది ఇద్దరినే, యూగ్‌నూ గాడ్‌ఫ్రీ ద సెంతొమేర్‌నూ. సిరియన్ చర్చి పెద్ద మైకేల్ అయితే ముప్పైమంది అని రాశాడు. పూర్తి జాబితాలన్నీ తర్వాతి శతాబ్దాల్లో కూర్చినవి. ఆ జాబితాల్లో కనిపించే ఆంద్రే ద మోంబార్ గురించి మాత్రం గట్టి ఆధారాలున్నాయి, ఎందుకంటే ఆయన క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్‌కు స్వయానా మేనమామ. 1129లో త్రువాలో జరిగిన మతసభలో ఈ సంఘానికి గుర్తింపు రావడంలో బెర్నార్డ్ పాత్ర చాలా పెద్దది.

బ్రహ్మచర్యం పట్టినవాళ్లకు వంశమేమిటి అని అడగవచ్చు. ప్రమాణానికి ముందు పెళ్లాడి పిల్లల్ని కన్నవాళ్లున్నారు. సాన్స్ పట్టణంలోని సెయింట్ కొలంబ్ మఠానికి అధిపతి అయిన థిబో, యూగ్ కొడుకని నాటి ఒక వృత్తాంతం చెబుతోంది. సన్యాసం పుచ్చుకున్న ఆ కొడుకు దగ్గర ఆ దారి ఆగిపోతుంది. షాంపేన్ ప్రభువు యూగ్ కథ ఇంకా విచిత్రం. భార్యకు పుట్టిన బిడ్డ తన బిడ్డ కాదని నమ్మి, కొడుకును కాదని, ఆస్తిని తన అన్నగారి కొడుక్కి వదిలేసి 1125లో టెంప్లర్లలో చేరాడు. ఒకప్పుడు తన కింద ఉన్న పయాన్ యూగ్ ఆజ్ఞకు కట్టుబడ్డాడు. పితృత్వం మీది అనుమానం ఈ కథలో మొదటి నుంచీ ఉందన్నమాట.

స్కాట్లండ్ సింక్లెయిర్ కుటుంబపు ఆడపడుచును యూగ్ పెళ్లాడాడని బాగా ప్రచారంలో ఉన్న మాటకు ఆ కాలపు ఆధారం ఒక్కటీ లేదు. కాగితాల దారి మామూలు కుటుంబాలకు ఇంకా ముందే ఆగిపోతుంది. ఇంగ్లండులో 1538లో, ఫ్రాన్సులో 1539లో చర్చిల్లో నమోదు పుస్తకాలు రాయాలని ఉత్తర్వులొచ్చాయి. అంతకు ముందున్న నాలుగు వందల ఏళ్లలో పేరు మిగిలింది ఎక్కువగా భూమి ఉన్నవాళ్లకే. 1312లో పోప్ అయిదో క్లెమెంట్ సంఘాన్ని రద్దు చేశాక టెంప్లర్ల కేంద్ర దస్తావేజులూ కాలక్రమంలో మాయమయ్యాయి.

కాగితం ఆగినచోట అంకగణితం పనికొస్తుంది. ఇద్దరు తల్లిదండ్రులు, నలుగురు అవ్వలూ తాతలూ, ఎనిమిదిమంది ముత్తాతలూ ముత్తవ్వలూ. తరానికి ముప్పై ఏళ్ల చొప్పున తొమ్మిది వందల ఏళ్లంటే ముప్పై తరాలు. ముప్పైసార్లు రెట్టింపు చేస్తే 107 కోట్లు దాటుతుంది. 1100 నాటికి ప్రపంచ జనాభా మొత్తం కలిపినా నలభై కోట్లు మించదని అంచనా. అంటే వంశవృక్షంలో ఒకే మనిషి ఎన్నెన్నో కొమ్మల మీద మళ్లీ మళ్లీ కనబడక తప్పదు. ఒకరి వృక్షంలోని కొమ్మలు మరొకరి వృక్షంలోకి అల్లుకుపోక తప్పదు. యూరపులో రెండు మూలల ఉన్న ఇద్దరికి కూడా గడచిన వెయ్యేళ్లలో ఉమ్మడి పూర్వీకులు లెక్కలేనంతమంది ఉన్నారని 2013లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం చూపింది. టెంప్లర్ స్థాపకుల్లో ఎవరి వంశమైనా మొదటి కొన్ని తరాలు నిలిచి ఉంటే, నేటి పశ్చిమ యూరపువాసుల్లో దాదాపు అందరూ ఆయన వారసులే అయివుంటారు.

ఈ లెక్కను మన దగ్గరికి యథాతథంగా తేవద్దు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన పరిశోధన ప్రకారం భారతదేశంలో విస్తృతంగా సాగిన జనసమ్మేళనం సుమారు 1,900 ఏళ్ల కిందట ఆగి, కులంలోపలి పెళ్లిళ్లు స్థిరపడ్డాయి. ఇక్కడ వృక్షాలు లోపలికే ముడుచుకున్నాయి.

వారసుడైనంత మాత్రాన ఆ పూర్వీకుడి డీఎన్ఏ ఒంట్లో ఉండాలని లేదు. ఈ సంగతే నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది. క్రోమోజోములు తరం మారినప్పుడు తెగి, ముక్కలు మారి అతుక్కుంటాయి. తల్లివైపూ తండ్రివైపూ కలిపి తరానికి డెబ్బై దాకా కోతలు. ఆ లెక్కన ముప్పై తరాల కిందటి నుంచి మనకు చేరే ముక్కలు రెండువేల ప్రాంతంలో ఉంటాయి. వృక్షంలో స్థానాలు 107 కోట్లు, పంచుకోవడానికి ముక్కలు రెండువేలు! పూర్వీకుల్లో అత్యధికుల నుంచి మనకు ఒక్క ముక్కా రాలేదు. వాళ్లు లేకపోతే మనం లేం, అయినా వాళ్ల జాడ మన కణాల్లో లేదు.

ముక్కలు కాకుండా తండ్రి నుంచి కొడుక్కి దాదాపు యథాతథంగా దిగేది వై క్రోమోజోము. మన గోత్రంలాగే మగవారి వెంట నడుస్తుంది. కొన్ని తరాలకోసారి దానిమీద పడే చిన్న మార్పులే గుర్తులు. మీ వై క్రోమోజోము 'ఆర్1బి' శాఖకు చెందింది, కాబట్టి మీరు టెంప్లర్ వారసులు కావచ్చు అనే మాటలను నమ్మకండి. పశ్చిమ యూరపు మగవారిలో సగానికి పైగా ఆ శాఖవారే. పైగా పోల్చి చూడటానికి యూగ్‌వని నిర్ధారణ అయిన ఎముక ఒక్కటీ లేదు.

అయితే తొలి టెంప్లర్లకు బాగా దగ్గరి మనిషి ఒకాయన వంశం మాత్రం కాగితాల మీద చెక్కుచెదరకుండా దొరుకుతుంది. ఆంజూ ప్రభువు ఫుల్క్ 1120 ప్రాంతంలో జెరూసలేము వెళ్లి కొంతకాలం వాళ్లతో కలిసి ఉన్నాడు. ఇంటికొచ్చాక ఏటా ముప్పై పౌన్లు పంపేవాడు. 1131లో జెరూసలేముకే రాజయ్యాడు. ఆయన కొడుకు జెఫ్రీ ప్లాంటాజెనెట్, మనవడు ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ. ఆ మగసంతతిలోనే 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో చనిపోయిన మూడో రిచర్డ్ వస్తాడు.

రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్ నగరంలో కార్లు నిలిపే స్థలం కింద దొరికింది. తల్లుల ద్వారా దిగే మైటోకాండ్రియా డీఎన్ఏ, అతని అక్క ఆడసంతతిలోని ఇద్దరితో సరిపోయింది. తర్వాత వై క్రోమోజోము చూశారు. ఫుల్క్ వంశానికే చెందిన రాజు మూడో ఎడ్వర్డ్ నుంచి మరో శాఖలో దిగివచ్చిన అయిదో బోఫర్ట్ డ్యూక్ మగసంతతివారు ఐదుగురు డీఎన్ఏ నమూనాలిచ్చారు. రిచర్డ్‌తో ఒక్కరూ కలవలేదు! వాళ్లలోనూ నలుగురిది ఒక శాఖ, అయిదోవారిది వేరు. రిచర్డ్‌కూ ఆ డ్యూకుకూ మధ్యనున్న 19 తండ్రీకొడుకుల లంకెల్లో ఎక్కడో ఒకటైనా కాగితం మీద మాత్రమే ఉందన్నమాట.

ఇందులో ఎవరినీ దెప్పాల్సింది లేదు. తరానికి నూటికి ఒక లంకె అలా తెగుతుందని బెల్జియంలో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. అంత చిన్న సంఖ్యే ముప్పై తరాలకు నూటికి ఇరవై ఆరు అవుతుంది. ఇంటిపేరు, ఆస్తి, కిరీటం చేతులు మారడానికి క్రోమోజోము అనుమతి ఎప్పుడూ అక్కర్లేకపోయింది.

మరి టెంప్లర్లతో కలిసి జీవించిన ఫుల్క్‌ది ఏ వై క్రోమోజోము? రిచర్డ్ ఎముకల్లో దొరికిందా, డ్యూక్ సంతతిలోనిదా, రెండూ కాదా? ఫుల్క్ మునిమనవడు జాన్ రాజు వూస్టర్ కెథడ్రల్లో సమాధిలో ఉన్నాడు. 1797లో ఆ సమాధి తెరిచినప్పుడు ఎముకలు లోపలే ఉన్నాయి. డీఎన్ఏ అన్న మాట పుట్టడానికి ఇంకా వందేళ్లకు పైగా ఉంది. చూసినవాళ్లు వివరాలు రాసుకుని సమాధి మళ్లీ మూసేశారు.