రిటైరైన మేష్టార్లకు కొండదారి

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి రాజావారి కళాశాలలో ఉద్యోగం చాలించుకున్నది 1911లో. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. ఆ తర్వాత మరో 29 ఏళ్లు బతికారు. వాడుక భాష కోసం ఊరూరా తిరిగి వాదించింది, 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టింది, 1931లో సవర భాష వ్యాకరణాన్నీ 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువునూ అచ్చులో చూసుకున్నది ఆ 29 ఏళ్లలోనే. అంటే ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, మనం దండ వేసి తలుచుకుంటున్నది చాలావరకు ఒక రిటైరైన మేష్టారినే.

ఈ సంగతి విశాఖపట్నంలో చెప్పుకోవడానికి కారణం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. తొంభై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన ఊళ్లో, పాఠాలు చెప్పి మానేసినవాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఏ వీధిలో అడిగినా ఒక ప్రొఫెసరు గారి ఇల్లు చూపిస్తారు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక, తర్వాత పేపరు, పదకొండింటికి బ్యాంకు పని, సాయంత్రం ఏదో ఒక సభ. అక్కడికి నూటపది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున అరకు లోయ ఉంది. అక్కడి బడులకూ తోటలకూ ఈ పెద్దల విద్యతో పని ఉంది. ఆ రెంటినీ కలపడం ఎలాగన్నదే ఈ వ్యాసం.

ముందుగా కింద ఉన్న జీవితం చూద్దాం. రిటైరైనవాళ్లంతా కలిసే చోటు మన దగ్గర ప్రధానంగా పింఛనుదారుల సంఘమే. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లున్నారు, ‘ఎప్పుడూ డీఏ బకాయిల గోలే’ అని. ఆ గోలకో చరిత్ర ఉంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పింఛను అనేది యజమాని దయతలిచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కాల్సిన హక్కు అని తేల్చింది. ఫలానా తేదీకి ముందు రిటైరైనవారు, తర్వాత రిటైరైనవారు అని విడదీసి లెక్క మార్చడం చెల్లదంది. డిసెంబరు 17ను పింఛనుదారుల దినోత్సవంగా జరుపుకోవడం అందుకే. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు పాత పింఛను లేదు, వాటా కట్టే పథకమే. రేపు రిటైరయ్యే తరానికి ఈ సంఘాల అవసరం తగ్గదు, పెరుగుతుంది.

సంఘం చేసే పని చాలావరకు కంటికి కనబడని పని. బతికే ఉన్నామని ఏటేటా రుజువు చూపాలి. వేలిముద్ర పెట్టమంటారు. డెబ్బై దాటాక వేలి గీతలు అరిగిపోతాయి. యంత్రం ‘సరిపోలలేదు’ అంటుంది. ముఖం చూపించి రుజువు చేసుకునే పద్ధతి 2021 నుంచి వచ్చింది గానీ, ఫోను పట్టుకుని రెప్ప వేయమన్నప్పుడు వేయడం కూడా కొందరికి పరీక్షే. సంఘం ఆఫీసులో కూర్చున్న మాజీ సెక్షన్ సూపరింటెండెంటు ఒకాయన, నోబెల్ బహుమతి సిద్ధాంతాలు బోధించిన ప్రొఫెసరు గారి చేతిలోంచి ఫోను తీసుకుని, ‘ఇలా తిప్పండి సార్, వెలుతురు మొహమ్మీద పడాలి’ అని చెప్పి పని ముగిస్తాడు. విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్లు దూరం దూరంగా మెలిగిన ఇద్దరు నిజంగా దగ్గరయ్యేది ఇక్కడే.

అయితే హక్కుల పనితోనే సంఘం బతుకు సరిపోతుందా? ఈ ప్రశ్నను మనకంటే ముందు ఐరోపా వాళ్లు వేసుకున్నారు. ఫ్రాన్సులోని తులూజ్‌లో 1973లో పియర్ వెలాస్ అనే ప్రొఫెసరు ‘మూడో వయసు విశ్వవిద్యాలయం’ మొదలుపెట్టాడు. మొదటి వయసు చదువుకునేది, రెండోది సంపాదించేది, మూడోది రిటైరయ్యాక వచ్చేది. ఫ్రాన్సులో దాన్ని విశ్వవిద్యాలయమే నడిపింది. 1980ల మొదట్లో ఆ ఆలోచన బ్రిటన్ చేరేసరికి రూపం మారింది. అక్కడ పీటర్ లాస్లెట్, మైకేల్ యంగ్, ఎరిక్ మిడ్‌వింటర్ అనే ముగ్గురు పెద్దలు, బయటి పంతుళ్లు అక్కర్లేదు, సభ్యులే ఒకరికొకరు నేర్పుకోవాలన్నారు. పరీక్షల్లేవు, పట్టాల్లేవు. భూగర్భశాస్త్రం చెప్పినాయన పక్కింటావిడ దగ్గర కుట్టుపని నేర్చుకోవచ్చు. నాకు బ్రిటన్ పద్ధతే నచ్చుతుంది. మన మేష్టార్లకు చెప్పడం బాగా వచ్చు. వినడమే కాస్త అలవాటు చేసుకోవాలి.

వినడమన్నాక మళ్లీ గిడుగు వారి దగ్గరికే రావాలి. సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నాయన ముందు వాళ్ల దగ్గర తాను చదువుకున్నారు. సవర తెలిసినవాళ్లను ఇంట్లో పెట్టుకుని మాట మాటా రాసుకున్నారు. కొండలెక్కి గూడేలకు వెళ్లారు. ఆ అడవుల్లో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు బాగా దెబ్బతిన్నాయి. మాటలోని ధ్వనిని పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి అంతకంటే పెద్ద నష్టమేముంటుంది? అయినా మానలేదు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే, ఏళ్ల తరబడి ఉన్న ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. అప్పటికి డెబ్బై దాటాయి. రెండేళ్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ ఇచ్చింది. విశ్వవిద్యాలయం చేసిన ఆ గౌరవం ఉద్యోగ కాలపు సర్వీసుకు కాదు.

అదే బాటలో నడిచినవారు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు. మన కొండల్లో వినబడే కొండ భాష, అదే కూబి, మీద ఆయన రాసిన పుస్తకం 1969లో వచ్చింది. అది ఉద్యోగ కాలంలో చేసిన పని. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉపకులపతిగా 1993లో దిగిపోయాక, పదేళ్లకు, 2003లో ద్రావిడ భాషలన్నింటి మీదా ఆయన పెద్ద గ్రంథాన్ని కేంబ్రిడ్జి ప్రెస్ అచ్చేసింది. ఆ ఏడే ఆయనకు 75 నిండాయి. పడుచుతనంలో పోగేసుకున్న సరుకు పెద్దతనంలో అక్కరకొచ్చిందన్నమాట.

ఇంకొకరు ఫిజిక్స్ మేడం చిలుకూరి శాంతమ్మ గారు. 1929లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిటైరైంది 1989లో. తొంభై దాటాక కూడా, మోకాళ్లకు ఆపరేషన్లయి చేతికర్రల సాయంతో, విశాఖ నుంచి విజయనగరం దగ్గరున్న సెంచూరియన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పాఠం చెప్పి వచ్చేవారు. 2024లో అమెరికా ఎన్నికల పుణ్యమా అని, ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య ఉషా వాన్స్‌కు ఆవిడ బంధువని పేపర్లన్నీ రాశాయి. ఆ చుట్టరికం కంటే అంత దూరం వెళ్లి చెప్పిన పాఠమే పెద్ద వార్త అని నాకనిపిస్తుంది.

ఇక కొండ మీదికి వెళ్దాం. రిటైరవగానే చాలామందికి కలిగే కోరిక, ‘అరకులో చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోతే బాగుండు’ అని. ఆ కోరికను మొదట్లోనే పక్కన పెట్టండి. అది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరిస్తూ వచ్చిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అందరి నోటా నలిగిన పేరు వన్ ఆఫ్ సెవెంటీ, గిరిజనేతరులు అక్కడ భూమి కొనడాన్ని నిషేధిస్తుంది. గిరిజనేతరుడి దగ్గర గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. ఆ చట్టం ఎంత దూరం పోతుందో 1997లో సమత కేసు తేల్చింది. అనంతగిరి మండలం గనుల మీద నడిచిన ఆ కేసులో, గిరిజనుల ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం కూడా కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. బినామీ పేరు మీద కొందామనే సలహాదారులు ఎప్పుడూ ఉంటారు. ఆ మాట చెవిన వేసుకోకండి. చదువుకున్నవాళ్లు ఆ పని చేస్తే కొండవాళ్లు దాన్ని మరిచిపోరు, మరిచిపోకూడదు కూడా.

కాబట్టి కొండకు మనం చుట్టాలం మాత్రమే. పొద్దున్న కిరండూల్ వెళ్లే రైలెక్కితే సొరంగాలన్నీ దాటుకుని మధ్యాహ్నానికి ముందే అరకు చేరతాం. అద్దాల పెట్టె 2017 నుంచి ఉంది; సీటు దొరికితే దారి పొడవునా బొర్రా, శిమిలిగుడ, లోయలు చూస్తూ పోవచ్చు. వాల్తేరులో ఇన్నేళ్లు ఉండి ఒక్కసారీ ఈ రైలెక్కని వాళ్లు నాకు తెలుసు. వెళ్లినవాళ్లు చూసొచ్చేది పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, ఓ కప్పు కాఫీ. సంఘం తరఫున విహారయాత్ర అంటే అంతే అయింది. చెడ్డదనను. కానీ అక్కడ ఆగిపోతే మాత్రం నష్టమే.

చేయదగ్గ పనేమిటంటే ఒకటి చెబుతాను. కొండ మీది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో సైన్సు సామాను చాలాచోట్ల బీరువాలోనే ఉంటుంది. అరకు వానాకాలం తేమకు మైక్రోస్కోపు కటకం మీద సాలెగూడులా బూజు పాకుతుంది. ఒకసారి పాకితే బొమ్మ మసకబారి, ‘ఇది పాడైపోయింది’ అని మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. బూజు ముదరకముందైతే అది పాడవడం కాదు. కటకాన్ని జాగ్రత్తగా తుడిచి, బీరువాలో చిన్న బల్బు వెలిగించి వెచ్చగా ఉంచితే, లేదా తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి నెలనెలా వాటిని వేడిచేసి తేమ పోగొడుతూ ఉంటే, మళ్లీ ఏళ్లపాటు పనిచేస్తుంది. ఈ విద్య ప్రొఫెసరు గారికి రాదు. వచ్చినాయన ల్యాబ్ అటెండరు. వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియం కాగితాల మీద మొక్కలు అంటించి పురుగు పట్టకుండా కాపాడినవాళ్లు, లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసినవాళ్లు, వర్క్‌షాపు ఫిట్టర్లు, వీళ్లంతా కూడా రిటైరయ్యారు. ‘రిటైర్డ్ ఫ్యాకల్టీ’ అనగానే మనం వేదికనెక్కించేది ప్రొఫెసర్లనే. కొండ బడికి ముందు కావలసింది అటెండరు గారు. ఇద్దరూ కలిసి వెళ్తే, ఆయన యంత్రం సరిచేస్తాడు, ఈయన దాని కింద చెరువు నీటి చుక్క పెట్టి పిల్లలకు చూపిస్తాడు.

తోటల వైపు చూస్తే, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాలు, ఇదీ అక్కడి పద్ధతి. 2025లో ఆ తోటల్లో కాయతొలుచు పురుగు కనబడింది. ఆడపురుగు కాయ కొసకు చిల్లి పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు పట్టిన కాయను ఏరి వేడినీళ్లలో వేసి నాశనం చేయడం, కింద రాలిన కాయ ఒక్కటీ మిగలకుండా చూడటం మొదటి మందు. దీన్ని చెప్పడానికి కాఫీ బోర్డు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ సిబ్బంది ఉన్నారు. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానమూ ఉంది. రిటైరైన కీటకశాస్త్రవేత్త వీళ్లకు పోటీగా కాక, వీళ్లతో కలిసి తోటలో నడిస్తే పనికొస్తాడు. సొంత సిద్ధాంతం ఒకటి పట్టుకొచ్చి రైతును గందరగోళంలో పడేస్తే, ఆయన ఇంటి దగ్గరుండటమే మేలు.

భాష సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. అరకు సంతలో తెలుగు ఒక్కటే వినబడదు. ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాష వినబడతాయి. ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాటగా పెరిగే పిల్లలు ఒకటో తరగతిలో నోరు విప్పకపోతే అది మందబుద్ధి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల చదువు మొదలుపెట్టింది ఈ కారణంతోనే. తెలుగు లెక్చరర్లు, భాషాశాస్త్రం చదివినవాళ్లు వెళ్తే, అక్కడి టీచర్ల పక్కన కూర్చుని కథలు, పాటలు, మొక్కల పేర్లు పిల్లల అవ్వల నోటి నుంచి రాయించవచ్చు. రాసినది ఎవరిదో ఆ పేరు మీదే ఉండాలి. ఊరి పేరుతో, చెప్పినవాళ్ల పేరుతో, వాళ్ల అనుమతితో. మన పేరు చివర ఉంటే చాలు.

వయసు సంగతి దాచనక్కర్లేదు. ఘాట్ రోడ్డు మలుపులకు కళ్లు తిరుగుతాయి. చలికాలం పొద్దున మంచులో గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు బయటికి రాకపోవడమే మంచిది. మాత్రలు రెండు రోజులకు ఎక్కువే సర్దుకోవాలి. పెద్ద ఆపద వస్తే కిందికి, విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే తేవాల్సి రావచ్చు. ఆ ప్రయాణం గంటల పని. అందుకే ఒక్కరుగా వెళ్లకండి, నలుగురైదుగురు కలిసి వెళ్లండి, ఒకరు వయసులో చిన్నవాళ్లయితే ఇంకా మంచిది. బడికి వెళ్లాలంటే చెప్పకుండా వెళ్లకూడదు. పాడేరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. సన్మానాలు, శాలువాలు వద్దని అదే ఉత్తరంలో రాయండి.

వచ్చే డిసెంబరు 17 సభలో డీఏ తీర్మానం చదివాక, రెండో తీర్మానంగా ఇది పెట్టండి: కొండ మీది ఒక్క బడిని ఎంచుకోవాలి, ఆ హెడ్మాస్టరు గారిని ‘మీకేం కావాలి’ అని అడగాలి, ఆయన చెప్పిన పని చేతనైన నలుగురి పేర్లు సభలోనే రాసుకోవాలి. ఆ నలుగురిలో ఒకరు అటెండరు గారు అయ్యేలా చూడండి.